తుప్పు గది మనిషి

రూతు ఆకును తిప్పి అడుగు భాగం చూసింది. పొక్కులు పగిలి ఉన్నాయి. వేలితో తాకితే ఇటుక పొడి రంగు అంటుకునేంతగా పండాయి. మామూలు రోజైతే ఆమె ఆ ఆకులను కోసి, మెత్తని కుంచెతో పొడిని నీళ్లలోకి దులిపి, పక్క బల్ల మీది లేత వేరుశనగ మొక్కల మీద పిచికారీ చేసేది. ఈ రోజు పక్క బల్ల ఖాళీగా ఉంది. కొత్త మొక్కలు పెట్టవద్దని పోయిన నెలలోనే చెప్పారు. అయినా ఆమె ప్రతి కుండీ దగ్గరా ఆగింది, ప్రతి కొమ్మకూ ఒక ఆకు తిప్పింది, ఆ తర్వాత గోడకున్న మీట నొక్కింది. పైనున్న సన్నని గొట్టాల నుంచి మంచులాంటి తుంపర దిగి ఆకుల మీద పరుచుకుంది.

బయట, పరిశోధనా క్షేత్రం మళ్లలో, ఆ ఖరీఫుకు పడిన వాన విత్తనం మొలవడానికి సరిపోయింది, పెరగడానికి సరిపోలేదు. ఈ గదిలో మాత్రం ఏడాది పొడవునా తడి ఆరేది కాదు. వేరుశనగ ఆకుకు తుప్పు తెగులు తెచ్చే శిలీంధ్రం సీసాలో పెరగదు. దానికి బతికి ఉన్న ఆకు కావాలి, ఆకు మీద తడి కావాలి, ఆకు ముదిరి రాలేలోగా దాన్ని మరో ఆకు మీదికి చేర్చే మనిషి కావాలి. కొత్త వంగడం తెగులుకు తట్టుకుంటుందో లేదో తేల్చాలంటే ముందు తెగులు చేతిలో ఉండాలి. అందుకని శాస్త్రవేత్తలు దాన్ని బతికించమన్నారు. రూతు బతికించింది. పాడి ఉన్నవాళ్లు ఇల్లు వదిలి రెండు రాత్రులు ఉండలేనట్టే, ఆమె కూడా పెళ్లిళ్లకు పోయి భోజనం వేళకే తిరిగి వచ్చేసేది.

సన్నని మనిషి. ఎడతెగని తడికి వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. గోళ్లు చర్మం దాకా కత్తిరించుకుంటుంది. సందుల్లో పొడి నిలుస్తుందని గాజులు మానేసింది, తలలో పూలు మానేసింది. గదిలోకి వచ్చేటప్పుడు బట్టలు మార్చుకోవాలి. బయటికి పోయేటప్పుడు తలారా స్నానం చేసి మళ్లీ మార్చుకోవాలి. గదిలో పనిచేసిన రోజున ఏ చేలోనూ కాలు పెట్టకూడదు. నియమం ఆ ఒక్క రోజుకే. దాన్ని జీవితమంతటికీ పొడిగించుకున్నది రూతే.

దానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, ఒక శనివారం, సొంతూరు గుమ్మఘట్ట వైపు పోయే బస్సు అప్పటికే గేటు దగ్గర ఆగి ఉంటే, ఆమె స్నానం చేయకుండా ఎక్కేసింది. నేరుగా నాయన సుంకన్న చేలోకి దిగి, పొద్దు కుంకేదాకా కలుపు తీసింది. రెండు వారాలు తిరగకముందే ఆ చేను ఆకుల అడుగున ఇటుక రంగు పొక్కులు లేచాయి. కాయ ఊరకముందే పైరు ఎండింది. ఆ ఏడు చాలా ఊళ్లలో తుప్పు వచ్చింది, నిజమే. అప్పటి శాస్త్రవేత్త బదరీనారాయణ గారు ఊరూరా తిరిగి, చేనుకో ఆకు చొప్పున కాగితాల మధ్య అదిమి పెట్టుకున్నారు. సుంకన్న తన చేతులతోనే ఆకు కోసి ఇచ్చి, "గాలి మోసుకొచ్చినాది సార్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూతురి వైపు చూడలేదు. చూడకపోవడానికి రూతు ఒక అర్థం కట్టుకుంది: నాయనకు తెలుసు, తెలిసి తనను కాపాడుతున్నాడు. మరుసటి ఏడు ఆమె గట్టు మీదే నిలబడింది. ఎవరూ దిగమనలేదు. పిలవకపోవడమే తీర్పు అనుకుంది. సుంకన్న పోయేదాకా ఆ తీర్పు మారలేదు.

ఇప్పుడు ఆ సంగతి తేల్చే సాధనం వచ్చింది. కొత్త శాస్త్రవేత్త సుష్మిత ఆ పాత ఆకులను బయటికి తీసి, వాటి మీద చచ్చి ఎండిన తుప్పు నుంచి జన్యుపదార్థాన్ని రాబట్టి, దాని వరసను హైదరాబాదు ప్రయోగశాలలో చదివించింది. ఆకు ఎండినా, తుప్పు చచ్చినా, వంశాన్ని చెప్పే జన్యువుల వరస ముక్కలు ముక్కలుగానైనా మిగులుతుందట. ఆ ఆకుల్లో సుంకన్న చేనుది కూడా ఉంది. గదిలో బతికి ఉన్నది, ఆ ఆకు మీద చచ్చినది ఒకటేనా, వేరువేరా అన్నది ఈ రోజు తెలుస్తుంది. గది మూసేదీ ఈ రోజే. తెగులును తట్టుకునే జన్యువు వంగడంలో ఉందో లేదో చిన్న ఆకు ముక్కతోనే తెలిసిపోతున్నప్పుడు, బతికి ఉన్న తెగులును ఇక్కడ సాకవలసిన పని లేకపోయింది. గది అవసరం లేకపోతే గది మనిషి అవసరమూ లేదు. సుష్మిత ఇంకో పని కోసం పైవాళ్లను అడిగింది, ఖాళీ లేదన్నారు.

"ఏమక్కా, నీ బిడ్డకు స్నానం పోసినావా?"

వల కిటికీ అవతల మారెమ్మ నిలబడి ఉంది. కలుపు కూలీల గుంపులో మనిషి. ఇన్నేళ్లూ రూతుతో వల అవతల నుంచే మాట్లాడింది, గదిలోని తుప్పును ఆమె బిడ్డ అని ఎగతాళి చేసింది.

"పోసినా. ఈ పొద్దుతో కడ."

"పీడ పోతాది. మా గుంపులోకి రా. మనుషులు చాలక మేస్త్రీ తల పట్టుకుంటాండాడు. నేను చెప్పిపెట్టినా."

"ఆ పొడి నా ఒంటి మీద ఉంటే?"

"ఉంటే సబ్బేసి రుద్దుకో. నీదేమన్నా రాణీగారి ఒళ్లా, అరిగిపోయేకి?"

రూతు నవ్వింది. "మేడం రానీ. సాయంత్రం చెప్తా."

"మేడానికీ కలుపుకూ ఏం సంబంధం తల్లీ!" అని మారెమ్మ కొంగు దోపుకుంటూ వెళ్లిపోయింది.

సంబంధం ఉంది. గది మూసేశాక రూతుకు కూలి పని తప్ప మరొకటి లేదు. కూలి అంటే చేలోకి దిగడమే. ఒక చేనును ఎండబెట్టిన కాలు మరో చేలో ఎలా దిగుతుంది? సుష్మిత తెచ్చే జవాబు మీద అది ఆధారపడి ఉందని రూతు అనుకుంది.

సుష్మిత భోజనాల వేళకు వచ్చింది. రెండు తలుపుల మధ్య ఉన్న చిన్న అరలో ముక్కాలి పీట మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కాళ్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంటోంది. రాత్రంతా బస్సులో వచ్చిన అలసట ఆ పిల్ల ముఖంలో ఉంది.

"పాత ఆకుల సంగతి ఏమైంది మేడం?" రూతు అడిగింది. గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంది.

"బ్రహ్మాండంగా వచ్చింది రూతమ్మా! ఆ సంవత్సరం ఊళ్ల నుంచి తెచ్చిన ఆకుల్లో ఉన్న తుప్పంతా ఒకే వంశం. మీరు పెంచేది అసలు వేరే. దీన్ని అంతకుముందే తూర్పు తీరం నుంచి తెచ్చారు కదా. ఆ ఆకుల్లో ఇది ఒక్కదాని మీద కూడా లేదు."

"గుమ్మఘట్ట ఆకు మీద?"

"సుంకన్న అని రాసి ఉంది, అదేనా? దాని మీద కూడా లేదు. అదీ మిగతావాటిలాగే గాలికి వచ్చిందే."

"పొరపాటు ఉండదా మేడం?"

"రెండుసార్లు చేయించాను. ఎందుకు, తెలిసినవాళ్లదా ఆ చేను?"

"మా నాయనది."

"అవునా! అయితే మంచి వార్తే కదా."

"మంచిదే మేడం," అంది రూతు.

ఊరట కలుగుతుందని ఆమె ఎదురుచూసింది. కలగలేదు. దాని బదులు ఒక ప్రశ్న వచ్చింది. తుప్పు గాలికే వచ్చిందంటే, నాయన నిజమే చెప్పాడు. నిజం చెప్పినవాడు కూతుర్ని చేలోకి ఎందుకు పిలవలేదు?

బయట వేపచెట్టు కిందికి పోయి తమ్ముడు యోహానుకు ఫోను చేసింది. ఆ చేనును ఇప్పుడు సౌర విద్యుత్ కంపెనీ కౌలుకు తీసుకుంది. యోహాను దానికే కాపలా.

"యోహానూ, నాయన చేన్లో వచ్చిన తుప్పు నాది కాదంట."

"ఏం తుప్పక్కా?"

"ఆ యేడు చేనంతా ఎండిపాయ గదా. నేను గదిలోంచి తెచ్చినాననుకున్యా. కాదంట. మేడం పరీక్ష చేసి చెప్పింది."

"నువ్వు తెచ్చినావని ఎవురన్నారు?"

"ఎవురూ అన్లేదు. నాయనకు తెలుసనుకున్యా. అందుకే నన్ను చేన్లోకి పిలవకపాయ."

అవతల గాలి చప్పుడు మధ్య యోహాను గొంతు పెంచాడు.

"నాయన అట్ల అనుకోలేదక్కా. నువ్వు గట్టు మీద నిలబడి దిగకపోతివి గదా. పాపకు ఆఫీసు పని దొరికినాది, మట్టిలో దిగేకి నామోషీ పడతాంది, పిలిచి చిన్నబుచ్చొద్దు అంటాండె. అమ్మ పిలుస్తానంటే కూడా వద్దనె. నేనూ అదే అనుకున్యా."

"నామోషీనా? నాకా?"

"మరి దిగకపోతివే."

"ఒక్క మాట చెప్పింటే ఏమి రా?"

"నువ్వు ఒక్క మాట అడిగింటే ఏమి?"

రూతు, "ఒగసారి ఆడికొచ్చేదా?" అంది.

"వచ్చి ఏం చూస్తావక్కా? అంతా సోలారు పలకలే. కాలు పెట్టేకి మట్టి యాడుండాది?"

ఆమె గదికి తిరిగి వచ్చింది. చేయవలసిన పని ఉంది కనుక చేసింది. కుండీలను ఒక్కొక్కటిగా బల్ల చివరికి లాగి, మొక్కలను మొదలంటా కోసి, మందపాటి సంచుల్లో నింపింది. సుష్మిత సంచుల మూతులు బిగించి ఇచ్చింది. ఒక మొక్క దగ్గర రూతు చేయి ఆగింది. అది అన్నిటికంటే నిండుగా తుప్పు పట్టిన మొక్క. నాయన చేనుకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఏ సంబంధమూ లేని ఈ పొడి కోసం ఆమె గాజులు తీసేసింది, పూలు మానేసింది, నాయనకు ఎదురుగా గట్టు మీద నిలబడి, ఆయన అనని మాటకు తల వంచింది. దాని మీద కోపం తెచ్చుకుందామని చూసింది. కోపం రాలేదు. అది తన పని తాను చేసింది, అంతే. మొదలు పట్టుకుని కోసింది.

సంచులు ఆవిరి యంత్రంలోకి పోయాయి. మూత బిగించాక లోపలి నుంచి సన్నని బుస తప్ప మరేమీ వినపడలేదు. ఆ బుస సాగినంతసేపూ ఇద్దరూ ఎదురుగా కూర్చున్నారు. ఒత్తిడి దిగి, మూత తీసినప్పుడు ఉడికిన ఆకుకూర వాసన వచ్చింది. ఆకులు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పొక్కులు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు.

"అయిపోయింది రూతమ్మా," అంది సుష్మిత. "ఇక మీరు ఏ చేలోకైనా వెళ్లొచ్చు."

రూతు తలారా స్నానం చేసింది. ఆరకముందే మళ్లీ చేసింది. గదిలో కట్టే చీరను కూడా ఆవిరికి వేసి, ఇంటి చీర కట్టుకుని, సుష్మితకు దండం పెట్టి బయటికి వచ్చింది.

దారి పక్కనే మారెమ్మ గుంపు ఆఖరి మడిలో కలుపు తీస్తోంది. వేరుశనగ పచ్చపూలు విచ్చి ఉన్నాయి. మధ్యాహ్నం ఎటు నుంచో ఒక మబ్బు వచ్చి చల్లి పోయినట్టుంది. మట్టి వాసన వేస్తోంది. రూతు గట్టు మీద ఆగింది.

"దిగక్కా!" మారెమ్మ కేక వేసింది. నడుము పట్టుకుని లేచి వచ్చి, కలుపు తీసే చిన్న పారొకటి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టింది. "ఇది నీకే. పిడి కొత్తది, ఏసిందే ఈ పొద్దు."

"ఏమప్పా, ఆయమ్మ ఆకులు లెక్కబెడతాందా?" వెనక నుంచి ఎవరో అన్నారు. ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి ఉంది కానీ వెలివేత లేదు. అది రూతుకు తెలుస్తూనే ఉంది.

ఆమె చెప్పులు విడిచింది. కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుంది. కుడికాలు గట్టు అంచు దాటి, కింది తడి మట్టికి జానెడు ఎత్తున ఆగింది. గట్టుకు ఆనుకుని ఉన్న మొక్క ఒకటి మడమకు తగిలింది. వెంటనే కాలు వెనక్కి వచ్చేసింది. ఆమె వంగి ఆ మొక్క ఆకును తిప్పి చూసింది. అడుగున లేత పచ్చదనం తప్ప ఏమీ లేదు. ఆకును వదిలి, వేళ్లను చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. అంటినది ఏమీ లేకపోయినా మళ్లీ తుడుచుకుంది.

"ఏమైనాది?" మారెమ్మ అడిగింది.

"కాలు దిగల్యా మారెమ్మా."

"తుప్పు సచ్చిపాయ గదా!"

"సచ్చిపాయ. నా కండ్లతో చూసినా."

"ఇంకేం మళ్ల?"

కారణం పోయాక కూడా దాని ఫలితం మనిషిలో నిలబడి ఉండగలదని ఏ పరీక్షా చెప్పదు. రూతు చెప్పులు వేసుకుంది. మారెమ్మ బతిమాలలేదు, కాసేపు ఆమె ముఖం చూసి, "రేపు సూద్దాంలే. ఈడనే పెడతాండా," అని వరసలోకి వెళ్లిపోయింది. గేటు దగ్గర బస్సు హారను మోగింది. రూతు గట్టు మీదుగానే, చేల వైపు చూడకుండా, రోడ్డు దాకా నడిచి బస్సెక్కింది.

చీకటి పడుతుండగా ఆడవాళ్లు తమ తమ పారలు కడిగి భుజాన వేసుకుని పోయారు. గట్టు మీద ఒకటి మిగిలింది. దాని కొత్త పిడి దారి వైపు తిరిగి ఉంది.