కుట్లు చెరిగిన రెక్క

అత్త కంటికి శుక్లం తీసిన డాక్టరు వంగొద్దన్నాడు, దుమ్ములో కూర్చోవద్దన్నాడు, దగ్గర పెట్టుకుని చూసే పని ఏదీ ముట్టుకోవద్దన్నాడు. ఆ మూడూ తీసేస్తే అత్తలో మిగిలేది ఏమీ లేదు. కొత్త అద్దాలు చేతికొచ్చేదాకా ఆమెకు దూరంగా ఉన్న గోడ గడియారం కనిపిస్తుంది గానీ, చేతిలో ఉన్న చెంచా మాత్రం పాలలో ముంచినట్టు మసకగా ఉంటుంది.

"ఎదురింటివాళ్ళ బట్టలు ఏం ఆరేశారో చెప్పగలను. నా టీలో ఈగ పడితే మాత్రం మీరే చెప్పాలి," అంది నల్లద్దాలు సవరించుకుంటూ.

కుట్టుమిషను బల్ల మీద ఒక అట్టపెట్టె తెరిచి ఉంది. అందులో సగం కట్టిన విమానం. పొట్ట రెండు చెక్కలూ అతికి ఉన్నాయి, ముక్కులో పైలట్ల గది రంగు కూడా పడింది. రెక్కలు మాత్రం ఇంకా సంచిలోనే ఉన్నాయి. నెలాఖరున లైబ్రరీ హాల్లో బొమ్మ విమానాలు కట్టేవాళ్ళంతా చేరి ప్రదర్శన పెడుతున్నారు. ఈ విమానాన్ని తెస్తానని అత్త మాటిచ్చింది.

అత్త విమానాల పిచ్చికి ఒక కథ ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆమె విమానాల సీట్లకు కవర్లు కుట్టే షాపులో పనిచేసింది. ఒక్కసారైనా విమానం ఎక్కలేదు. పని మానేసిన రోజున తోటివాళ్ళు వేళాకోళానికి పిల్లలు ముక్కలు అతికించి ఆడుకునే విమానం పెట్టె ఒకటి చేతిలో పెట్టారు. వేళాకోళం కాస్తా వ్యసనమైంది. ఇప్పుడు అలమారా పై అర నిండా విమానాలే. అవి కూడా ఎవరికీ తెలియనివి, ఎక్కడా గెలవనివి.

ఇది కూడా అలాంటిదే. ఫ్రెంచివాళ్ళు తొలినాళ్ళలో కట్టిన జెట్ బాంబర్. సరైన పేరైనా లేదు, నంబరే. మొదటిసారి నేల మీద పరుగెత్తించి చూస్తే చక్రాల కాళ్ళు విరిగి చతికిలబడిందట. బాగుచేసి ఒకే ఒక్కసారి ఎగరేసి, మూల కూర్చోబెట్టారట.

"బాంబర్ అయ్యుండి ఎవరి కొంపా కూల్చలేదు. అంతకంటే మంచి విమానం ఎక్కడుంటుంది?" అంటుంది అత్త.

కోడలు ఈ మాటలన్నీ వింటుంది, మాట్లాడదు. నోట్లో నాలుక లేని మనిషి అని చుట్టాలంటారు. ఆమె చేసేది కట్టుడు పళ్ళ ల్యాబులో పని. పాపకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు ఆ పని నేర్చుకునే అవకాశం వచ్చింది. పాపను ఎవరు చూస్తారని ఇంట్లో చర్చ జరుగుతుంటే, అత్త మరుసటి వారమే సీట్ల షాపులో పని మానేసి వచ్చి, ఉయ్యాల పక్కన కుర్చీ వేసుకుంది. "వెళ్ళు, నేర్చుకో," అంది. అంతే. దానికి కృతజ్ఞత ఎలా చెప్పాలో కోడలికి ఇప్పటికీ తెలియలేదు. చెప్పబోతే అత్త వెంటనే పాలు పొంగుతున్నాయో లేదో చూడమనేది.

అందుకే ఆ రోజు అత్త, "అమ్మాయ్, నీ చేతులు నెల రోజులు నాకిస్తావా?" అన్నప్పుడు కోడలు చేతిలో పని వదిలేసి వచ్చింది. ఇన్నేళ్ళలో అత్త తన కోసమంటూ అడిగిన మొదటి పని ఇదే.

"నేను చెయ్యనా అమ్మా?" అన్నాడు కొడుకు పేపరు వెనకనుంచి.

"నువ్వొద్దు నాయనా. బల్బు మార్చమంటే వీధంతా చీకటి చేసిన చేతులవి," అంది అత్త.

పెట్టెలోని ముక్కలు మామూలు ప్లాస్టిక్ కాదు, పోశాక గట్టిపడే రెసిన్. ఎక్కడో ఒకాయన తన ఇంటి వెనక షెడ్డులో అచ్చుల్లో పోసి తయారుచేసినవి. అచ్చు అరిగిపోయిందని ఆయన పోయడం మానేశాడు. అంటే ముక్క పాడైతే మరో ముక్క దొరకదు. అత్త ఆ మాట ఒక్కసారే చెప్పింది. కోడలు మాత్రం రోజూ గుర్తు చేసుకుంది.

పని తెలిసిన పనిలాగే అనిపించింది. అచ్చులో పోసినప్పుడు మిగిలిన లావుపాటి దిమ్మెలను సన్నరంపంతో కోసేసింది. రెసిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని, బేసిన్‌లో నీళ్ళు పోసుకుని తడిగానే ఉప్పుకాగితంతో రుద్దింది. ఎడమ రెక్క కొంచెం వంకర తిరిగి ఉంటే, వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక గాజుపలక మీద పరిచి పైన బరువు పెట్టింది. సరిగ్గా కట్టుడు పళ్ళతో చేసినట్టే.

అత్త గుమ్మం దగ్గర, దుమ్ముకు దూరంగా కుర్చీలో కూర్చుని పర్యవేక్షణ చేసేది.

"ఏం చేస్తున్నావ్ ఇప్పుడు?"

"రెక్కలో బుడగల గుంటలున్నాయి అత్తయ్యా. పుట్టీ పెట్టి పూడుస్తున్నా."

"పూడ్చు పూడ్చు. పుచ్చిన పళ్ళతో నీకు అలవాటేగా."

ఆ పూడ్చిన రెక్కే కోడలి కొంప ముంచింది. పుట్టీ ఆరాక, ల్యాబులో పాలిష్ చేసే మిషను ఉందిగా అని ఎడమ రెక్కను డబ్బాలో పెట్టి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, మెరుగు పెట్టే ప్యూమిస్ రాతిపొడి తడిపి, ఉన్ని చక్రం మీద రెక్క పైభాగాన్ని నున్నగా తోమింది. ఆ ల్యాబులో పెద్దాయన మొదటి రోజు నేర్పిన పాఠం ఒకటే: నాలుక అంత అనుమానపు మనిషి ఇంకొకరు లేరు, అది వెతికినా ఏ గీతా దొరక్కూడదు. కోడలి చేతులు ఆ పాఠాన్ని ఆమెను అడక్కుండానే అప్పజెప్పేశాయి. చక్రం ఆపి చూస్తే రెక్క ముత్యంలా మెరిసింది. ఆమెకు ముచ్చటేసింది కూడా.

సాయంత్రం ఇంటికొచ్చి, కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో రెండు రెక్కలూ పక్కపక్కన పెట్టింది. కుడి రెక్క మీద వెంట్రుక మందాన సన్నటి గీతలు వరసగా కనిపించాయి. అసలు విమానంలో రేకుకూ రేకుకూ మధ్య ఉండే అతుకులవి. ఎడమ రెక్క మీద ఒక్క గీతా లేదు. పుట్టీతో పాటు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

ఆమె ఎడమ రెక్కను ఎండలో అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూసింది.

"ఏదీ, రెక్క ఇటివ్వు. చేత్తో చూస్తాను," అంది అత్త గుమ్మంలోంచి.

"జిగురు ఆరలేదు అత్తయ్యా."

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. రెక్కను పెట్టెలో పెట్టి, తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయింది. భోజనాల దగ్గర అత్త ఏదో జోకు వేస్తే అందరితో పాటు నవ్వింది, జోకేమిటో వినలేదు.

మర్నాడు పాపను బడికి దింపి వచ్చేసరికి అత్త కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నల్లద్దాలు పెట్టుకునే ఉంది. ఒడిలో రెండు రెక్కలు. కుడి రెక్క మీద ఒక బొటనవేలు, ఎడమ రెక్క మీద ఒక బొటనవేలు నెమ్మదిగా కదులుతున్నాయి. ముప్ఫై ఏళ్ళు గుడ్డ మీద కుట్టు తప్పితే వేలితో పట్టిన మనిషి.

"దీని కుట్లు ఏవీ?" అంది.

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పాలిష్ పట్టాను అత్తయ్యా. పళ్ళకు పట్టినట్టు. గీతలు పోతాయని తోచలేదు."

"ఊఁ," అంది అత్త. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయాక అంది: "రెక్క పోతే పోయిందే. ఆరిన జిగురేదో ఆరనిదేదో నాకు తెలీదనుకున్నావా? గుడ్డిదాన్ని చేసి నన్ను మోసం చేద్దామనుకున్నావు చూడు, అది గుచ్చుకుంది."

"మోసం కాదు అత్తయ్యా." కోడలు వచ్చి అత్త ఎదురుగా, దగ్గరగా నిలబడింది. "మీరు అడక్క అడక్క ఒక్కటి అడిగారు. పాపను చూసుకోడానికి ఉద్యోగమే వదులుకున్నారు, దానికి నేను ఏనాడూ ఏమీ చెయ్యలేదు. ఇదొక్కటైనా సరిగ్గా చేసి మీ చేతిలో పెడదామనుకున్నా. అదీ పాడుచేశానని చెప్పడానికి నోరు రాలేదు."

ఇంత పొడుగు మాట ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అత్త తలెత్తి, మసకగా కనిపిస్తున్న ఆ మనిషి వైపే చూసింది.

"ఇంతకాలం ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావా నువ్వు?"

కోడలు తలూపింది. ఇంత దగ్గర్నుంచి అత్తకు తలూపడం కనిపించదని గుర్తొచ్చి, "అవును," అంది.

"ఇలా కూర్చో. ముప్ఫై ఏళ్ళు ఒకటే నీలం గుడ్డ కుట్టాను నేను. కలలో కూడా నీలమే. మానెయ్యాలని పదేళ్ళు అనుకున్నాను, ఏం సాకు చెప్పాలో తెలీలేదు. నీ కూతురు పుట్టింది, సాకు దొరికింది. దాని పక్కన కూర్చుని పగలు నిద్రపోయాను తెలుసా, జీవితంలో మొదటిసారి. నువ్వు నాకు బాకీ ఏంటి? నేనే నీకు దణ్ణం పెట్టాలి. పెట్టలేదు, పెడితే నెత్తికెక్కుతావని."

కోడలు కన్నీళ్ళలోనే నవ్వింది.

"ఏడుపయ్యాక చెప్పు, పనుంది," అంది అత్త. "చొక్కాకు కుడి చెయ్యి ఉంటే ఎడమ చెయ్యికి వేరే కొలత తీస్తామా? కాగితం తిరగేస్తాం. మిషను కింది అరలో పల్చటి కాగితం ఉంది, తే."

అదీ ఆమె పద్ధతి. కుడి రెక్క మీద పల్చటి కాగితం పరిచి, అత్త రెండు చేతులా బిగించి పట్టుకుంది. కోడలు పెన్సిలు పడుకోబెట్టి రుద్దింది. నల్లటి మరక మధ్యలో తెల్లటి గీతలుగా అతుకులన్నీ పైకి తేలాయి. కాగితం తిరగేస్తే అవే ఎడమ రెక్క గీతలు. దాన్ని నున్నటి రెక్క మీద అంచులు కలిపి అతికించి, అత్త ఇచ్చిన సూదితో గీతల వెంట చుక్కలు పొడిచింది. ముగ్గు చుక్కల్లా అని నవ్వుకుంది. కాగితం తీసేశాక చుక్కకూ చుక్కకూ మధ్య ఉక్కు స్కేలు పెట్టి, మైనపు పళ్ళ మీద గాడులు తీసే తన సన్న పరికరంతో గీత లాగింది.

"గట్టిగా నొక్కకు. ఒకేసారి తెగ్గొట్టాలని చూడకు," అంది అత్త.

"తెలుసు అత్తయ్యా. ముందు తేలిగ్గా ఒకసారి, తర్వాత అదే గాడిలో మళ్ళీ."

"అబ్బో. నోరు లేచిందే."

ప్రతి గీత అయ్యాక రెక్క అత్త ఒళ్ళోకి వెళ్ళేది. బొటనవేలు దాని మీద నడిచేది. "ఇక్కడ లోతు చాలలేదు," అంటే మళ్ళీ వెనక్కి. అలా వారం రోజుల సాయంత్రాలు గడిచాయి. ఆ వారంలో కోడలు అత్తకు చిన్నప్పటి బడి గురించి చెప్పింది, ల్యాబులో పెద్దాయన తన పళ్ళసెట్టు తనే మరిచిపోయి వచ్చిన రోజు గురించి చెప్పింది. ఇంత మాట్లాడుతుందని మొగుడికే తెలియదు. "ఎవరొచ్చారమ్మా?" అంటూ గదిలోంచి వచ్చి చూశాడు ఒకసారి.

రెక్కలు అతికాయి. చక్రాల కాళ్ళు నిలబడ్డాయి. వెండిరంగు కోడలే వేసింది, అత్త వాసన చూసి ఆరిందో లేదో చెప్పింది.

ప్రదర్శనకు ముందురోజు అద్దాలొచ్చాయి. అత్త వాటిని పెట్టుకుని ముందు తన చేతులు చూసుకుంది, తర్వాత పాప ముఖం దగ్గరికి లాక్కుని చూసింది, "పన్ను ఊడిందే నీకు!" అంది. ఆ తర్వాత అలమారా పై అర. ఒక్కో విమానం దించి చూస్తుంటే ఆమె ముఖం మారిపోయింది.

"ఇదేంటే, జిగురు ఇలా కారింది? దీని తోక వంకర! ఇన్నేళ్ళూ ఇవి బాగున్నాయని అందరూ అబద్ధాలు చెప్పారా నాకు?"

అత్త తనంతట తనే పకపకా నవ్వింది. చివరికి ఫ్రెంచి విమానాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, ముక్కు నుంచి తోకదాకా, కుడి రెక్క కొసనుంచి ఎడమ రెక్క కొసదాకా చూసింది. ఎడమ ఇంజను పక్కన వేలు ఆగింది.

"ఇక్కడ గీత కొంచెం జారింది."

"పాప తలుపు దబదబా కొట్టింది అప్పుడు. పూడ్చి మళ్ళీ గీయనా?"

"ఉండనీ. అక్కడ చూస్తే పాప గుర్తొస్తుంది." అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాల మీద మరకేమీ లేదు. "బాగా చేశావమ్మా," అంది. పాలు పొంగుతున్నాయో లేదో చూడమని మాత్రం అనలేదు.

మర్నాడు బస్సులో కోడలు విమానం పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండకు కొత్త కళ్ళు చికిలిస్తూ అత్త ఆమె మోచెయ్యి పట్టుకుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, పెట్టెలో ఏముందమ్మా అంత జాగ్రత్తగా పట్టుకున్నారు అని అడిగాడు.

"విమానం," అంది కోడలు, అత్త నోరు తెరిచేలోపే.

"అయితే గతుకుల్లో మెల్లగా పోవాలి," అన్నాడతను. నిజంగానే ప్రతి గతుకు దగ్గరా బ్రేకు మీద కాలు ఆనించి, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని నడిచినట్టు బస్సును పోనిచ్చాడు. వెనక సీటులో ఎవరో ఆలస్యమవుతోందని సణిగారు. అత్త వెనక్కి తిరిగి, "ఒక్కసారే ఎగిరిందండీ పాపం. కాస్త ఓపిక పట్టండి," అంది.