ఇరవై ఆరో ఇల్లు

గురువారం పొద్దున్నే పాస్టరు బిజిమాన దగ్గర్నుంచి కబురొచ్చింది. తనిఖీ శనివారమేనట. ఆ మాట చెవిన పడగానే ఎసేరి బంగాళాదుంపల చేలోనే పార వదిలేసి, రాతి గోడలు ఎక్కుతూ దిగుతూ ఊళ్లోకి పరుగెత్తింది.

వాళ్ల ఊరు రుటండలో ఉన్నవి ఇరవై ఆరు ఇళ్లు. ఇంటింటికీ మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే డబ్బా, గిన్నెలు ఆరబెట్టుకునే కర్రల మంచె, మేకలకు వేరే పాక ఉండాలి. ఏ ఊరు ముందు పూర్తి చేస్తే ఆ ఊరికి, ప్రార్థన మందిరం రేకుల మీద పడిన వాననంతా పట్టి ఉంచే పెద్ద సిమెంటు తొట్టిని చర్చివాళ్లు కట్టిస్తారు. ఈ ఏటికి తొట్టి ఒక్కటే. పక్క ఊరు కిబుగు కూడా పోటీలో ఉంది. ముహబుర కొండ కింద ఎంత వాన కురిసినా నల్లరాళ్ల సందుల్లోకి ఇంకిపోవలసిందే. ఆడవాళ్లు రెండు గంటలు నడిచి నీళ్లు మోసుకొస్తారు. పోయిన ఎండాకాలం ఊరికి విరేచనాలు పట్టుకున్నప్పుడు ఎసేరి చిన్నకూతురు చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ఆ పిల్ల మళ్లీ లేచి జొన్న జావ తాగిన రోజే, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఒప్పించే పని చర్చి తరఫున తాను చేస్తానని ఎసేరి మాటిచ్చింది.

ఇరవై ఐదు ఇళ్లు అయ్యాయి. మిగిలింది నిరకమాన అవ్వ ఇల్లు.

అవ్వ ఒంటరిది, నోరు పెద్దది. మరుగుదొడ్డి కోసం ఆమె పెరట్లో నాలుగు చోట్ల గొయ్యి తవ్వి చూశారు. నాలుగు చోట్లా మోకాలి లోతులోనే గునపం ఖంగుమంది. కింద అంతా ఒకటే బండ.

"దేవుడే వద్దంటున్నాడే పిల్లా, నువ్వెవరివి కావాలనడానికి?" అంది అవ్వ, గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తూ.

"దేవుడు వద్దన్నది తవ్వడం అవ్వా, కట్టడం కాదు."

ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో ఎసేరికే తెలియదు. వచ్చాక మాత్రం ఆమె అక్కడే నిలబడిపోయింది. చుట్టూ చూసింది. ఎటు చూసినా రాళ్లు. చేను దున్నితే రాళ్లు, దారి వేస్తే రాళ్లు. ఏరి ఏరి గోడలుగా పేర్చినా తరగని రాళ్లు. కిందికి తవ్వలేకపోతే పైకి కట్టకూడదా?

ఆ సాయంత్రం మొగుడు సెబగేంజికి చెప్పింది. అతను గోడలు పేర్చడంలో చెయ్యి తిరిగినవాడు. కాసేపు గడ్డం గోక్కుని, నేల మీద పుల్లతో గీశాడు. గొయ్యికి బదులు నేల మీదే నడుమెత్తు రాతి తొట్టి, లోపల బంకమట్టి పూత, పైన యూకలిప్టస్ దుంగల నేల, దాని మీద గది, ఎక్కడానికి మూడు మెట్లు.

"అన్నీ బానే ఉన్నాయి. కప్పుకి రేకులేవి?" అన్నాడు.

ఎసేరి తలెత్తి అటక వైపు చూసింది. వాళ్ల వంటపాక కోసం రెండేళ్లుగా దాచిన రేకులు రెండు అటక మీద ఉన్నాయి. వాన పడ్డప్పుడల్లా పొయ్యి ఆరిపోయి ఆమె కళ్లు మండుతుంటే, ఇదిగో ఈ పంటకి, అదిగో ఆ పంటకి అనుకుంటూ దాచినవి.

"నేనడగను. నీ నోటితోనే చెప్పు," అన్నాడు సెబగేంజి మెల్లగా.

"దించు. నా మనసు మారకముందే దించు," అంది ఎసేరి.

శుక్రవారం తెల్లవారేసరికి అవ్వ పెరటి నుంచి చేల దాకా మనుషులు బారులు తీరారు. రాయి చేతిలోంచి చేతిలోకి పోతోంది. చర్చిలో పాడే ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. పాట జోరు పెరిగితే రాళ్ల జోరూ పెరుగుతోంది. సెబగేంజి ఒక్కో రాయినీ తిప్పి చూసి, కూర్చోబెట్టి, దెబ్బ వేసి, "ఇంకోటి!" అని అరుస్తున్నాడు. అవ్వ కర్ర పట్టుకుని చుట్టూ తిరుగుతూ సతాయిస్తోంది.

"ఏరా సెబగేంజీ, ఊరంతా చూస్తుండగా నేను మెట్లెక్కి పోవాలా? గుర్రమెక్కిన రాణిలాగా?"

"అవునవ్వా! నువ్వెక్కినప్పుడల్లా డప్పు కూడా కొట్టిస్తాం!"

జనం నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. పొద్దు వాలేలోపు రేకులు కూడా ఎక్కాయి. మెట్ల పక్కన నీళ్ల డబ్బా వేలాడదీశారు. కాలితో కర్ర నొక్కితే డబ్బా వంగి చేతుల మీద నీళ్లు పోస్తుంది. ఎసేరికి ఆ రాత్రి సంతోషంతో నిద్రే పట్టలేదు.

శనివారం పొద్దున్న చివరిసారి చూసి వద్దామని వెళ్లింది. కొత్త తలుపు తాడుతో బిగించి కట్టి ఉంది. అవ్వ పై మెట్టు మీద కూర్చుని ఉంది. ఎసేరి తలుపు సందులోంచి లోపలికి చూసింది. లోపల నాలుగు బస్తాల విత్తన దుంపలు!

"అవ్వా! ఇదేం పని?"

"ఇంత పొడి గదిలో, రెండు కొత్త రేకుల కింద, మనిషన్నవాడు ఆ పని చేస్తాడా? నా ఇల్లు కారుతుంది. ఏటా సగం విత్తనం కుళ్లిపోతుంది, సగం ఎలుకలు తింటాయి. ఈసారి నా విత్తనం బతుకుతుంది. నన్ను చంపినా తియ్యను."

కింద దారిలో మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది. పాస్టరు వచ్చేస్తున్నాడు. ఎసేరి తాడు లాగి, ఒక బస్తాను గడప దాటించింది. అవ్వ రెండో కొస పట్టుకుంది. ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతుండగా ఎసేరి అవ్వ చేతుల్ని చూసింది. చితుకుల్లాంటి చేతులు, అయినా పట్టు వదలడం లేదు. ఇవాళ దాచేస్తే సోమవారం దుంపలు మళ్లీ ఇక్కడికే వస్తాయి. పాస్టరు పుస్తకంలో ఇరవై ఆరని రాసి ఉంటుంది, ఉన్నవి మాత్రం ఇరవై ఐదే. ఎసేరి బస్తా వదిలేసింది.

పాస్టరు బిజిమాన వచ్చి, బస్తాలనూ ఇద్దరు ఆడవాళ్లనూ మార్చి మార్చి చూశాడు. ఎసేరి జరిగింది జరిగినట్టు చెప్పింది. కింద గుమిగూడినవాళ్లు తలలు పట్టుకున్నారు.

"మరి విత్తనం ఎక్కడ పెట్టుకోవాలమ్మా ఈవిడ?" అని అడిగాడు పాస్టరు.

అన్నాళ్లుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఎసేరితో సహా. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. వెంటనే అంతకు మించిన ఉషారు పుట్టుకొచ్చింది.

"పాస్టరు గారూ, ముందు కిబుగు చూసి రండి. నాలుగింటికి ఇక్కడికి రండి. ఈలోగా విత్తనానికి వేరే గది లేస్తుంది."

"నాలుగంటే నాలుగే. కిబుగు పూర్తయి ఉంటే మాత్రం తొట్టి వాళ్లదే, తర్వాత నన్ననకూడదు," అని ఆయన బండి తిప్పాడు.

ఆ తర్వాత రుటండలో ఎవరూ కూర్చోలేదు. గోడలకి ముందురోజు మిగిలిన రాళ్లు ఉన్నాయి. దుంగల కోసం ఇద్దరు గొడ్డళ్లతో పరుగెత్తారు. నేలకు మోచెయ్యెత్తున దుంగలు పరిచి, గాలాడేలా సందులు వదిలి, ఎలుకలు ఎక్కకుండా ఆ మంచె కాళ్లకు పాత డబ్బాల రేకులు చుట్టారు. కప్పుకి రేకులు లేవు కాబట్టి గడ్డి మందంగా వేశారు. మధ్యలో ఒక జల్లు పడింది. ఎవరూ ఆగలేదు. బురదలో జారిపడినవాళ్లు నవ్వుతూ లేచి మళ్లీ రాయి అందుకున్నారు.

మూడున్నరకి అవ్వ లోపలికి వంగి, గడ్డిలోకి చెయ్యి పెట్టి చూసింది. తడి లేదు. మాట్లాడకుండా మొదటి బస్తా తానే ఈడ్చుకొచ్చింది. మిగతా మూడూ జనం మోశారు.

అప్పుడు జరిగిందే రుటండవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అవ్వ గుడ్డ సర్దుకుని, కర్ర ఎసేరి చేతికిచ్చి, మూడు మెట్లూ ఎక్కి తలుపు వేసుకుంది. జనమంతా మర్యాదగా కొండ వైపు తిరిగారు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. అవ్వ దిగి, కాలితో కర్ర నొక్కి, బూడిదతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది.

"డప్పేదిరా?" అంది.

ఒకడు ఖాళీ డబ్బా అందుకుని వాయించాడు. ఆడవాళ్లు ఈలల్లాంటి కేకలు పెట్టారు. సరిగ్గా ఆ గోలలోకే పాస్టరు దిగాడు, వెనకాల కిబుగు ఆడవాళ్లు పదిమంది. ఆయన రెండు గదులూ చూశాడు. దుంపల కింద చెయ్యి పెట్టి చూశాడు. పుస్తకం తెరిచాడు.

"కిబుగులో ఇంకా మూడు ఇళ్లు మిగిలాయి," అన్నాడు. "రుటండ, ఇరవై ఆరుకి ఇరవై ఆరు."

తర్వాత ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో తెలియదు. సెబగేంజి పెళ్లాన్ని అమాంతం పైకెత్తేశాడు. "దించవయ్యా, పాస్టరుగారు చూస్తున్నారు!" అని అరుస్తూనే ఆమె అతని మెడ వదల్లేదు.

గోల సద్దుమణిగాక కిబుగు ఆడవాళ్లలో ఒకామె మెట్ల చుట్టూ తిరిగి చూసి, ఎసేరి దగ్గరికి వచ్చింది.

"మా మూడిళ్ల కిందా బండేనమ్మా. ఇలా కట్టడం మాకూ చూపిస్తావా?"

"సోమవారం పొద్దున్నే వస్తాను, మా ఆయన్ని కూడా తీసుకొస్తాను," అంది ఎసేరి.

"మీకేం తెలుసే?" నిరకమాన అవ్వ మధ్యలోకి వచ్చింది. "ఎక్కేది ముసలివాళ్లు. మెట్టు ఎంత ఎత్తుండాలో చెప్పాల్సింది నేను. నేనూ వస్తున్నా!"