ముందు సీటు

నాలుగు రోజులుగా నేను చూసిందల్లా మా ఆయన వీపే. కొండలూ పొలాలూ చూడాలని పోస్టాఫీసుకు సెలవు పెట్టి, మండుటెండలో రెండొందల యాభై కిలోమీటర్లు సైకిలు తొక్కుతున్న మనిషికి దక్కిన దృశ్యం, చెమటకు అట్టకట్టిన ఒక నీలం చొక్కా.

సైకిలు ఒక్కటే, సీట్లు రెండు. ముప్పై ఏళ్ళుగా వర్క్‌షాపులో లేతు మిషను మీద ఇనుము చెక్కే మా ఆయన రెండు పాత సైకిళ్ళను కోసి, అతికించి, స్వయంగా తయారుచేశాడు. ముందు కూర్చున్నవాళ్ళకు హ్యాండిలు, బ్రేకులు, గేర్లు, బెల్లు. వెనకవాళ్ళకు పట్టుకోవడానికి ఒక తిరగని కడ్డీ. రెండు జతల పెడళ్ళనూ ఒకే గొలుసు కలుపుతుంది కాబట్టి, ఒకరు తొక్కితే రెండోవారి కాళ్ళూ వాటంతటవే తిరుగుతాయి. దీన్ని చూపించకుండా ఆయన వదిలిపెట్టిన చుట్టం లేడు.

బయలుదేరేముందు ఒప్పందం ఏమిటంటే, సగం దారి ముందు సీటు నాది. మొదటిరోజు ట్రాఫిక్ అన్నాడు. రెండోరోజు ఎదురుగాలి అన్నాడు. మూడోరోజు గేర్లు మొరాయిస్తున్నాయి, నా చెయ్యయితేనే మాట వింటాయి అన్నాడు. ఇవాళ ఆఖరి రోజు. సాయంత్రానికి మా ఆడపడుచు ఇల్లు చేరతాం, అక్కణ్ణుంచి సైకిలు లారీ ఎక్కుతుంది. ఇవాళ దక్కకపోతే ఆ సీటు నాకు ఈ జన్మలో దక్కదు.

పొద్దున టమాటా తోటల దగ్గర అడిగితే కాలువ దాటాక అన్నాడు. కాలువ దాటాక అడిగితే, ఎదురుగా గుట్ట ఉంది, అది ఎక్కాక అన్నాడు. ఈలోగా ఆయన నోటికి తాళం లేదు. ఎడమవైపు చూడు మొక్కజొన్న, కుడివైపు చూడు వేరుశనగ. పక్కనున్నవి నాకూ కనిపిస్తాయి మహానుభావా, కనిపించనిది ముందున్నదే! గుంట వస్తే తను హాయిగా లేచి నిలబడతాడు. నాకు మాత్రం అది నడుముకు తగిలాకే తెలుస్తుంది.

గుట్ట మూడు కిలోమీటర్లు. ఎండకు తారు మెత్తబడి చక్రాలకు అంటుకుంటోంది. నేను పళ్ళు బిగించి, ఉన్న శక్తంతా పెట్టి తొక్కుతుంటే మొదటి మలుపులో ఆయన అన్న మాట, నేను అసలు తొక్కడం లేదని.

ఒళ్ళు మండిపోయింది. సరే, తొక్కకపోవడమంటే ఏమిటో చూపిద్దామనుకున్నాను. పాదాలు ఊరికే పెడళ్ళ మీద ఆనించి కూర్చున్నాను. అవి నిక్షేపంగా తిరుగుతున్నాయి. పొద్దుతిరుగుడు చేలు ఎంత బాగున్నాయో అప్పుడు చూశాను. సైకిలు నత్తనడక పట్టింది. ఆయనకు ఎగశ్వాస మొదలైంది.

“తొక్కుతున్నావా?”

“తొక్కుతున్నా.”

ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు. ఇంకో వంద గజాల్లో గుట్ట అయిపోతుందనగా ఆగి, కాలు కింద పెట్టాడు. ఇక తిట్లే అనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన వెళ్ళి కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. నీళ్ళ సీసా ఇచ్చినా మూత తియ్యలేదు.

“ముందు నువ్వే కూర్చో ఇక,” అన్నాడు. “నా వల్ల కావట్లేదు. వర్క్‌షాపులో పెద్ద లేతు వేరేవాళ్ళకిచ్చి నన్ను స్టోర్సులో కూర్చోమంటున్నారు. వయసైందిట. పోయిన వారం పోట్లాడొచ్చాను. వాళ్ళన్నదే నిజం. వెళ్ళగానే ఒప్పుకుంటూ సంతకం పెట్టేస్తా.”

నాలుగు రోజుల్లో దారిన ఉన్న ప్రతి పంట పేరూ చెప్పిన మనిషి, ఈ ముక్క ఒక్కటీ కడుపులో పెట్టుకుని తొక్కాడు. ఆయన పాడుగాను! నేను ఏమనాలో తేల్చుకునేలోగా స్పానర్ తీసి, ముందు సీటు నా ఎత్తుకు దించి బిగించేశాడు.

మిగిలిన వంద గజాలూ ఇద్దరం తొక్కాం. తర్వాత అంతా దిగుడు. ఎదురుగా ఏ వీపూ లేదు. లోయంతా, అందులో మెలికలు తిరిగిన రోడ్డంతా నాదే. బ్రేకులు నా చేతుల్లోనే ఉన్నాయి. మెల్లగా పట్టమని గానీ, మలుపుందని గానీ వెనక నుంచి ఒక్క మాట లేదు. నాలుగు రోజులుగా నేను కోరుకున్నది ఈ నిశ్శబ్దమే. అది రెండు నిమిషాలు కూడా భరించలేకపోయాను.

అడుగుకు చేరాక సైకిలు ఆపాను. వెనక్కి తిరగకుండానే చెప్పాను.

“ఇందాక గుట్ట మీద నేను తొక్కలేదండీ. కాళ్ళు ఊరికే పెట్టి కూర్చున్నా. ఇద్దర్నీ మీరొక్కరే లాగారు.”

“ఎక్కణ్ణుంచి?”

“మొదటి మలుపు నుంచి.”

“అంటే రెండు కిలోమీటర్లా?”

“రెండున్నర. ఆ సంతకం మాత్రం పెట్టకండి, మీకు పుణ్యముంటుంది.”

ఆయన నా బరువు, తన బరువు, సంచుల బరువు పైకే కూడుకోవడం వినిపించింది. ఆ మొత్తాన్ని రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఇప్పుడు దిగమంటాడు, దిగక తప్పదు, తప్పు నాది. ఒక కాలు పక్కకు తీశాను.

“ముందుకు పోనీ,” అన్నాడు ఆయన, చాలా మర్యాదగా.

అర కిలోమీటరు వెళ్ళామో లేదో ఇంకో ఎత్తు వచ్చింది. చిన్నదే. సగానికి వచ్చేసరికి పెడళ్ళు రాళ్ళయిపోయాయి. లేచి నిలబడి తొక్కాను. కళ్ళలోకి చెమట దిగింది. తల ప్రాణం తోకకు వచ్చింది.

“తొక్కుతున్నారా?” అని అరిచాను.

“తొక్కుతున్నా,” అన్నాడు. ఎడమవైపు పొద్దుతిరుగుడు చేలు బ్రహ్మాండంగా ఉన్నాయని కూడా చెప్పాడు.

వెనక్కి తిరిగి చూడటానికి లేదు. హ్యాండిలు నా చేతిలో ఉంది.