సీసాడు చీకటి

ఆ సోమవారం పొద్దున్నే నడీన్ ఖాళీ గాజు సీసాను మరిగే నీళ్ళలో వేసింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఏ కాలంలో దొరికింది ఆ కాలంలో సీసాలకెక్కిస్తారు. జూన్‌లో స్ట్రాబెర్రీలు, ఆగస్టులో పీచు పళ్ళు, సంపూర్ణ గ్రహణం వస్తే చీకటి. మూత బిగించి పక్కన పెడితే, కాసేపటికి మూత మధ్యలో లోపలికి దిగి ‘టక్’మంటుంది. ఆ టక్ వినబడిందా, లోపలిది ఏళ్ళ తరబడి నిలవుంటుంది. వినబడలేదా, వారంలో వాడెయ్యాల్సిందే.

అయితే చీకటి పట్టడం పీచు పళ్ళంత తేలిక కాదండీ. అది పట్టేవాళ్ళ మనసును బట్టి ఉంటుంది. మనిషి ఎగిరి గంతులేస్తే పలచబడిపోతుంది. గుండె నిమ్మళంగా ఉంటే పెరుగులా తోడుకుంటుంది. అలా తోడుకున్నది చెంచాడు కనురెప్పల మీద రాస్తే చాలు, ఎలాంటివాడికైనా నిద్ర ముంచుకొస్తుంది.

ఏడేళ్ళ కిందట కూడా గ్రహణం ఈ ఊరి మీదుగానే పోయింది. అప్పుడు ఊరంతా తిరనాళ్ళే! ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి మొక్కజొన్న చేల గట్ల మీద గుడారాలేశారు. సూర్యుడు మూసుకుపోగానే ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. నడీన్ కూడా సీసా చేత్తో పట్టుకునే చిన్నపిల్లలా కేకలేసింది. ఇంకేముంది, అందరి సీసాల్లోనూ టీ రంగు నీళ్ళలాంటి మసకే మిగిలింది. అయినా ఎవరూ బాధపడలేదు. అప్పుడు ఆ చీకటితో ఎవరికీ అంత అవసరం లేదు మరి.

ఈసారి ఊరు రెండుగా చీలింది. సగం మంది వారం నుంచీ నేల మీద నిలవడంలేదు. మిగతా సగం మంది “చూసిందేగా” అని దున్నుకోడానికి వెళ్ళిపోయారు. మంగలాయన కొట్టు కూడా కట్టెయ్యలేదు. నడీన్ ఈ రెండు రకాల్లోనూ లేదు. ఆవిడకి భయంగా ఉంది.

భర్త హార్లన్‌కి నిద్ర లేదు. ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో చేశాడు. భోజనాల వేళ తల మీది దీపం ఆర్పేసి, ఆ కటిక చీకట్లో ఓ కునుకు తీసేవాడు. గని మూసేశాక అలాంటి చీకటి భూమ్మీద ఎక్కడా దొరకలేదు. నడీన్ కిటికీలకి దుప్పట్లు కొట్టింది. నేలమాళిగలో మంచం వేసింది. “ఇది నీడ, పిల్లా. చీకటి కాదు” అన్నాడు హార్లన్. మందులు పనిచెయ్యలేదు. గుండె అలిసిపోయిందనీ, ఇలాగే ఉంటే ఎండాకాలం దాటడనీ డాక్టరు నడీన్‌ని పక్కకి పిలిచి చెప్పాడు.

మధ్యాహ్నం చర్చి ముందు పచ్చికలో కుర్చీలు వేసి, భోజనాలు పెట్టారు. పాస్టరు ఎల్డన్ మైకు సర్దుకుంటున్నాడు. హార్లన్ చెల్లెలు బర్నిస్ చంద్రుడి బొమ్మ చొక్కా వేసుకుని, గ్రహణం కళ్ళద్దాలు పంచుతూ తిరుగుతోంది.

“వదినా, ఆ మొహమేంటి? గ్రహణానికొచ్చావా, శవం దగ్గరికొచ్చావా?”

“నిమ్మళంగా ఉండాలి బర్నిస్. నన్ను కదిలించకు.”

“ఇదా నిమ్మళం! సీసా మీద మూత గణగణలాడుతోంది.”

నిజమే. నడీన్ మూతని అరచేత్తో అదిమిపట్టింది. కళ్ళు మూసుకుని “ప్రభువా, ఈ కాస్త సేపు నా గుండెను నువ్వే పట్టుకో” అనుకుంది.

“అన్నయ్యా, కళ్ళద్దాలు పెట్టుకో, మొదలైంది!” అని బర్నిస్ అరిచింది.

హార్లన్ పళ్ళెంలో చికెన్ ముక్క మీంచి తలెత్తలేదు. “చీకటేగా! ముప్పై ఏళ్ళు అందులోనే జీతానికి పనిచేశాను. ఇవాళ ఊరికే ఇస్తున్నారని ఎగబడాలా?”

వెలుగు పలచబడింది. పిచ్చుకలు గూళ్ళకి చేరాయి. పళ్ళేల మీది రేకు కాగితాలు కూడా మెరవడం మానేశాయి. దేవుడు తన దీపం వత్తి చేత్తో తగ్గించినట్టు సూర్యుడు మూసుకున్నాడు. అంతే, పచ్చిక మీద కేకలు, ఈలలు, ఏడుపులు!

నడీన్ మూత తీసింది. చీకటి సీసా అంచుదాకా వచ్చింది. ఆవిడ వణుకు తగలగానే గిన్నెలు కడిగిన నీళ్ళలా బూడిదరంగైపోయి జారిపోయింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది.

ఆ ఊళ్ళో సీసాలు మగవాళ్ళు ముట్టరు. తాతల నాటి నుంచీ అది ఆడవాళ్ళ పని. అందుకే ఇన్నేళ్ళలో మగవాళ్ళచేత పట్టించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నడీన్ కళ్ళనీళ్ళతో భర్తవైపు తిరిగింది. ఆయన ఆవలిస్తున్నాడు.

“హార్లన్, నా వల్ల కావడంలేదు. నువ్వు పట్టు.”

“మగాడి చేతికా!” అంది బర్నిస్.

హార్లన్ సీసా అందుకుని, గనిలో అన్నం డబ్బా పెట్టుకున్నట్టే మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. చీకటికి కూడా కాస్త ప్రశాంతమైన చోటు కావాలేమో మరి. అరుస్తున్నవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి, కుర్చీల కిందుగా జరజరా వచ్చి సీసాలోకి దిగింది. గనిలో బొగ్గు పొరలా నిగనిగలాడుతూ గొంతుదాకా నిండింది. పైకి పొంగింది కాస్తా ఆయన చేతుల మీదికీ, చొక్కా మీదికీ, గడ్డం దాటి కనురెప్పల దాకా పాకింది.

“ఇదీ చీకటంటే” అన్నాడు హార్లన్, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు. ఆయన తల మెల్లగా పక్కకి వాలింది.

నడీన్ గబుక్కున మూత బిగించింది. గ్రహణం విడిచింది. ఎండ తళుక్కుమనగానే చప్పట్లు కొట్టబోయిన జనం గుర్రు విని ఆగిపోయారు. బర్నిస్ రెండు చేతులతోనూ తన నోరు తనే మూసుకుంది. పాస్టరు మైకు కట్టేసి, కృతజ్ఞతా ప్రార్థన పెదాలతోనే చెప్పాడు. ఇందాకటిదాకా గొంతు చించుకున్నవాళ్ళంతా బూట్లు చేత పట్టుకుని, మునివేళ్ళ మీద కార్ల దగ్గరికి నడిచారు. ఎవరో దుప్పటి తెచ్చి ఆయనకి కప్పారు.

పచ్చిక ఖాళీ అయింది. ఎండ మొహం మీదే పడుతున్నా హార్లన్ కదల్లేదు. నడీన్ పక్క కుర్చీలో కూచుని, ఆయన గుండె మీద చెయ్యి వేసి ఎదురుచూసింది. సూర్యుడు చర్చి గంట వెనక్కి దిగుతుండగా ఆయన ఒళ్ళో సీసా మూత చిన్నగా లోపలికి వంగింది.

టక్.

నడీన్ చటుక్కున లేచింది. చర్చి వెనక్కి పరిగెత్తి, తన స్వెటర్ చెయ్యి నోట్లో కుక్కుకుని, ఏడేళ్ళ కిందటిలాగే గంతులేస్తూ కేక పెట్టింది.