మిల్లు మూటకు మా ఇంటి ముడి

ఉగ్గానిలోకి వేసిన మిరపకాయ బజ్జీల్లో కొడుకు ఉమేష్‌కు తీసిపెట్టిన రెండూ కూతురు మమత తినేసింది. నేను తిట్టాను. బజ్జీల మీద వాడి పేరు రాసుందా అని ఎదురు చెప్పింది. ఇరవై రెండేళ్లొచ్చినా చెల్లెలితో చిన్న ముక్కకు కూడా కొట్లాడే ఉమేష్, ఆ పొద్దు తన పళ్లెం కూడా ఆమె వైపు జరిపాడు.

"తినుమే. సాయంత్రం కాలేజీ కాడికి నేనే వస్తా."

మగ్గం గుంటలోంచి మా ఆయన గిడ్డయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆదోని నుంచి నూలు తేవడం ఉమేష్ పని. పదిహేను రోజులకొక మూట చాలు మా మగ్గానికి. ఈమధ్య వారానికి రెండుసార్లు పోతున్నాడు. ధర పెరుగుతుందట, అందుకట. ఆదోని కాలేజీ నుంచి చెల్లెల్ని తెమ్మని ఎప్పుడడిగినా బండి పాడైందనేవాడు, ఇప్పుడు మూడు వారాలుగా తానే ఎమ్మిగనూరుకు, ఇంటికి ఎక్కించుకొస్తున్నాడు. ఇక్కడ సర్కారు మందు ధరలు పెంచినప్పటి నుంచి కర్ణాటక ప్యాకెట్లు ఆదోని మీదుగా వస్తున్నాయని, దారిలో పోలీసులు సంచులు విప్పిస్తున్నారని వీధిలో అందరూ అనుకుంటున్నదే. పెద్దకడుబూరు దగ్గర ఇద్దరు డిగ్రీ పిల్లలు దొరికారని కూడా విన్నాను.

సాయంత్రం మమత ఒడిలో మూట పెట్టుకొని అన్న బండి మీద వచ్చింది. ఉమేష్ దాన్ని మగ్గం దగ్గర దించలేదు, వెనక గదిలో పెట్టి స్నానానికి పోయాడు.

వెళ్లి చూశాను. మిల్లువాళ్లు పురికొసను రెండు పేటలుగా చుట్టి, ముడి లావుగా వేసి వదిలేస్తారు. దీని ముడి చిన్నది, కొసలు కనపడవు. పడుగులో తెగిన పోగును మా ఆయన అతికే ముడి అది. కొడుక్కి పదేళ్లప్పుడు నేర్పాడు. విప్పి కట్టినవాడు మా ఇంటివాడే. చెయ్యి అలవాటు.

మొదటి వరస నూలు చిలపలు ఎత్తితే కింద కన్నడ అక్షరాల మందు ప్యాకెట్లు, ఇటుకల్లా పేర్చి ఉన్నాయి.

ఉమేష్ తువ్వాలుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. మందు సంగతి నేను అడగలేదు.

"మమతను ఎందుకు ఎక్కించుకుంటివి?"

"ఆడపిల్ల ఉంటే ఆపరమ్మా."

ఆమెకు తెలుసా అన్నాను. నూలే అనుకుంటోందన్నాడు. సరుకిచ్చేది స్నేహితుడు కుమారస్వామి అని, శుక్రవారం ఒక్కసారి పోయొస్తే ఇక మానేస్తానని అన్నాడు. ఒక్కసారి ఆపి విప్పించినా దొరికేది నా కూతురి ఒడిలో. కేసులో ఎక్కేది ఆమె పేరు.

అన్నాల దగ్గర అందరి ముందూ చెప్పాను. మమత చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. గిడ్డయ్య కొడుకు ముఖం చూడకుండా, మూటను కాలువలో పారేసి నోరు మూసుకుందామన్నాడు. కొడుకు జైలుకు పోతే వీధిలో తలెత్తుకోలేమన్నాడు.

సంగటి మీద పప్పు పోసి నేనూ కూర్చున్నాను.

"పారేస్తే వాళ్లు ఇంకో మూట ఇస్తారు. పొద్దున వీణ్ణి పిల్చుకొని, మూట ఎత్తుకొని స్టేషన్‌కు పోతాండా. ఎవరిచ్చినారో, యాడికి చేర్చినాడో అంతా వీడే చెప్తాడు, నా పక్కన నిలబడి."