గొర్రెల లెక్కన గాలిమర షేర్లు

కంబదూరు దగ్గరి కొండ మీద గాలిమరలు తిప్పే కంపెనీ కొత్తగా షేర్లు అమ్ముతోందని విన్నప్పుడు, తిరుపాలమ్మకు ఎవరో తన కొండనే అమ్ముతున్నట్టు అనిపించింది. మొగుడు ఆంజినప్ప బతికినన్నాళ్లూ ఇద్దరూ అక్కడే గొర్రెలు మేపారు. ఆయన పోయాక మిగిలిన రెండు గొర్రెలనూ అమ్మేసి, ఆ డబ్బును కోడలు గంగాదేవి చేత షేర్లకు పెట్టించింది. అడిగినవాళ్లు ఎక్కువై కంపెనీ లాటరీ తీస్తే, ఆమెకు వచ్చాయి. ధర పెరిగితే కొన్ని అమ్మి మళ్లీ తన గొర్రెల జతను కొనుక్కోవాలి, కొండలో కొంత వాటా కూడా మిగలాలి. ఆమె ఆశ అంతే.

"ఈ ధర ఎవురు పెట్టినారే?"

"అమ్మేటోళ్లే, అత్తా. పెద్ద పెద్దోళ్లని అడిగి పెట్టినారంట."

"నన్ను అడగల్యా?"

"నీ ఫోన్ నంబరు లేకపాయ వాళ్ల దగ్గర!"

మార్కెట్లోకి దిగిన రోజే షేరు ఎగిరింది. గంగాదేవి ఫోను పట్టుకుని దొడ్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అత్తా, ఇప్పుడమ్మితే మూడు గొర్రెలొస్తాయి!"

"నిన్న కదమ్మే వచ్చినాయి. వచ్చినదాన్ని తెల్లారేసరికి తోలేస్తారా?"

"అవేమన్నా జీవాలా, కుడితి పెట్టి కట్టేసేకి?"

సంతలోనూ పొద్దున్నే జనం ఎగబడి కొంటారనీ, ఎండ ఎక్కితే ధర దిగుతుందనీ తిరుపాలమ్మకు తెలుసు. కానీ తన రెండు గొర్రెల్నీ అమ్మి టెంపో ఎక్కించిన నాడు పెద్ద గొర్రె వెనక్కి తిరిగి చూసిన చూపు ఆమె కళ్లలోంచి పోలేదు. ఇంకొకదాన్ని సాగనంపడానికి మనసు రాలేదు.

ఆ మధ్యాహ్నం కునుకులో షేర్లు కనిపించాయి. తెల్లగా, డెక్కల చప్పుడు లేకుండా, గాలిమరల నీడల్లోంచి కొండ దిగుతున్నాయి. వెనకాల భుజాన కంబళితో ఆంజినప్ప. దగ్గరికొస్తాయనుకుంటే పక్కనుంచే వెళ్లిపోయాయి. ఆయనా ఆగలేదు. పిలవబోతే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

వేసవి దాటేసరికి షేర్లు మళ్లీ రెండు గొర్రెల ధరకే వచ్చాయి. మరుసటి ఏడు ఒకటిన్నర. గాలిమరలు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతూనే ఉన్నాయి. మూడో ఏడు గంగాదేవి ఊరుకోలేదు.

"ఇప్పుడు ఒక్కటొస్తాది అత్తా. ఇంకా పెట్టుకుంటే తోక కూడా రాదు."

తిరుపాలమ్మ కొండ వైపు చాలాసేపు చూసింది. "అమ్మేయ్," అంది.

సంతకు కావాలనే ఎండ ఎక్కాక పోయింది. తనంత వయసున్న ఒకామె దగ్గర బక్కపలచటి గొర్రె నచ్చింది. బేరం కుదిరింది. తాడు చేతికిచ్చాక ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. గొర్రె కాళ్లు నేలకు తన్నిపెట్టి కదలనంది.

"ఇంగా రెండు గుంజు, వస్తాది," అన్నాడు పక్కనున్నాయన.

తిరుపాలమ్మ గుంజలేదు. తాడు వదులు చేసి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, దీన్ని ఏమని పిలుస్తాండావు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "మల్లీ అంటే పలుకుతాది."

"సరే. నేనూ అట్లే పిలుస్తా."

తర్వాత తిరుపాలమ్మ లేచి, నాలుగడుగులు ముందుకేసి, మెల్లగా పిలిచింది.