రామకోటయ్య సొంత గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. సరుకు తన గొప్ప తనే చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను: మందపాటి రేకు, గుండ్రటి అంచు, కింద పడినా సొట్ట పడని ఒళ్లు. గుంటూరు పాత్రల కొట్టులో అంత గుట్టలోంచి టీకొట్టు రామకోటయ్య నన్ను ఒక్కదాన్నే ఏరుకున్నాడు. నాణ్యం తెలిసిన మనిషి దొరికాడని మురిసిపోయాను.

ఆ సాయంత్రమే మేకుతో నా అంచు కింద చిల్లు పొడిచి, తీగ గుచ్చి, కొట్టు బయట గుంజకు వేలాడదీశాడు. లోపల బల్ల మీద గాజు గ్లాసులు ఊరివాళ్లకు. బయట నేను దళితవాడ వాళ్లకు. టీ కారకుండా చిల్లుకు కింది దాకానే పోసేవాడు. ఆ మిగులు కూడా అతని లాభమే.

దళితవాడ నుంచి మిరపకాయల కోతకు వెళ్లే సుగుణమ్మ ఒకనాడు నన్ను ముట్టకుండా నేరుగా లోపలికి వెళ్లి బల్ల మీద కూర్చుంది.

"గాజు గ్లాసులో పొయ్యి, రామకోటయ్యా."

"నీ గ్లాసు బయటుంది గదమ్మే. కొత్తగా ఏంది ఈ సోకు?"

"దాంట్లో తాగి తాగి విసుగొచ్చింది. నువ్వు తాగు కాసిని రోజులు."

బల్ల మీదున్న మగవాళ్లు ఆమెను రెక్క పట్టి బయటికి ఈడ్చారు. ఆమె అటునుంచి అటే పోలీసుస్టేషనుకు నడిచింది. కానిస్టేబులు వచ్చి నన్ను గుడ్డసంచిలో పెట్టి లక్కముద్ర వేశాడు. అంత మర్యాద నాకెన్నడూ జరగలేదు.

కేసు నడిచినంతకాలం ఊళ్లో సుగుణమ్మను కూలికి పిలిచినవాడు లేడు. రాజీపడితే పిలుస్తామని కబుర్లు వచ్చేవి. పడలేదు. ఓడితే పనీ పోయినట్టే, ఆ బల్లా పోయినట్టే.

కోర్టులో రామకోటయ్య, "అది నా సొంత గ్లాసండి. నేను తాగడానికే తగిలించుకున్నా" అన్నాడు. చౌకగా వచ్చింది గదా అని కొన్న అబద్ధం అది. తిప్పి చూసుకోలేదు.

ప్రాసిక్యూటరు జడ్జిగారి అనుమతితో సంచి విప్పించి, నాలో నీళ్లు పోయించాడు. "తాగండి మరి."

రామకోటయ్య నన్ను జానెడు పైకెత్తి, తల వెనక్కి వంచి పోసుకున్నాడు. సగం గొంతులోకి, సగం చొక్కాలోకి పోయాయి. హాలంతా నవ్వింది.

"మా ఇంట్లో ఎంగిలి చెయ్యమండి. ఆచారం."

"టీ కూడా ఎత్తిపోసుకునే తాగుతారా?" అన్నారు జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తకుండా.

"టీకి ఆ ఆచారం లేదండి. పెదవి ఆనించే తాగుతా."

క్యాంటీను నుంచి పొగలు కక్కే టీ తెప్పించి నాలో పోశారు.

"కాస్త చల్లారనివ్వండయ్యా."

"చల్లారనివ్వండి. మాకు తొందరేం లేదు."

ఈలోగా ఒక పొలం గట్టు తగాదా కేసు వాయిదా పడింది. టీ మీద మీగడ కట్టింది. రామకోటయ్య నన్ను పెదవుల దాకా తెచ్చాడు. తళతళా తోమి ఉన్నాను. నాకంటే శుభ్రమైన వస్తువు ఆ హాల్లో లేదు. అయినా నా అంచుకు పెదవి తగలనివ్వలేదు. నన్ను కింద పెట్టేశాడు.

"నావల్ల కాదండి."

శిక్ష పడింది. అప్పీలుకు వెళ్లి బెయిలు మీద ఉన్నాడు. నేను కోర్టు సామాన్ల గదిలో, ఎవరిదో తుప్పుకొడవలి పక్కన ఉన్నాను. తర్వాతి సంగతి, సుగుణమ్మకు కాపలాగా వెళ్లిన కానిస్టేబులు చెబుతుంటే విన్నాను.

ఆమె లోపలి బల్ల మీద కూర్చుందట. రామకోటయ్య భార్య గాజు గ్లాసులో టీ తెచ్చిందట.

"పంచదార తగ్గిందమ్మా" అందట సుగుణమ్మ. వేయించుకుని, నింపాదిగా తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీది మిగతా ఎంగిలి గ్లాసుల మధ్య పెట్టి వెళ్లిపోయిందట.

రామకోటయ్య భార్య వచ్చి, సుగుణమ్మ తాగినదేదో పోల్చుకోలేక చాలాసేపు అక్కడే నిలబడిందట. చివరికి తోమడానికి అన్నిటినీ ఒకే బకెట్లో వేసిందట.